కోనసీమ దొడ్లలో మాక్రో ఫోటోగ్రఫీ: ఏ పురుగుతో మొదలుపెట్టాలి, ఎలా సాగాలి

వానలు వెనకబట్టి ఆశ్వయుజం వచ్చేసరికి కోనసీమలోని మందార కంచెల మీద, కంద మళ్ళ గట్ల మీద, కొబ్బరి తోటల్లో మోకాలెత్తు పెరిగిన పిచ్చిమొక్కల నడుమ, పసుపు వెండి పట్టెలున్న ఒక సాలీడు తన గూటి మధ్యలో తలకిందులుగా వేలాడుతూ కనిపిస్తుంది. అది ఎనిమిది కాళ్ళను రెండేసి చొప్పున జతచేసి గుణకారపు గుర్తులా చాపి ఉంచుతుంది. ఆ కాళ్ళ వెంబడే తెల్లని పట్టుతో వంకరటింకరగా కుట్టు వేసినట్టు ఒక అల్లిక ఉంటుంది. ఇంగ్లీషులో దీనిని సిగ్నేచర్ స్పైడర్ అంటారు. దీని ప్రజాతి పేరు ఆర్జియోపి. మాక్రో ఫోటోగ్రఫీ నేర్పమని అడిగినవారికి నేను మొదట ఈ సాలీడునే చూపిస్తాను.

చాలామంది సీతాకోకచిలుకతో మొదలుపెడతారు. అది ఒక పువ్వు మీద నాలుగు క్షణాలు కూడా నిలవదు కాబట్టి, బొమ్మ చెడినప్పుడు తప్పు ఫోకస్‌లో ఉందో, చేతి వణుకులో ఉందో, వెలుతురులో ఉందో తెలుసుకొనే వీలు కలగదు. ఆర్జియోపి మాత్రం ఎవరూ చెదరగొట్టకుండా ఉంటే రోజుల తరబడి అదే కంచెలో, దాదాపు అదే చోట ఉంటుంది. ఈరోజు తీసిన బొమ్మలోని లోపాన్ని రేపు ఉదయం అదే సాలీడు ముందు కూర్చుని సరిదిద్దుకోవచ్చు. అందుచేత ఈ విద్యను పరికరాల వరుసలో కాక జీవుల స్వభావాన్ని బట్టి నేర్చుకోవడం మేలని నా అభిప్రాయం: ముందు కదలకుండా వేలాడే సాలీడు, తరువాత మనవైపు తిరిగి చూసే గెంతుడు సాలీడు, ఆపైన తెల్లవారుజామున మంచుకు బిగుసుకున్న తూనీగ, రాత్రి వరిచేలో తిరిగే సాలీళ్ళు, అన్నిటికన్నా చివర చీమ వేషంలో తిరిగే సాలీడు.

పరికరాలు

పరికరాల గురించి క్లుప్తంగానే చెబుతాను. మాక్రో అంటే వస్తువు బొమ్మ కెమెరా సెన్సర్ మీద అసలు పరిమాణంలోనే పడడం. ఎనిమిది మిల్లీమీటర్ల వడ్లగింజ సెన్సర్ మీద కూడా ఎనిమిది మిల్లీమీటర్లుగా పడితే దానిని 1:1 అంటారు. ఫుల్‌ఫ్రేమ్ సెన్సర్ వెడల్పు 36 మిల్లీమీటర్లు కనుక, 1:1 దగ్గర 36 మిల్లీమీటర్ల జీవి చట్రం నిండా వస్తుంది. 90 నుంచి 105 మిల్లీమీటర్ల మాక్రో లెన్సు ఉన్నవారికి ఇంకేమీ అక్కరలేదు. అది లేనివారు తమ దగ్గర ఉన్న 50 మిల్లీమీటర్ల లెన్సుకూ కెమెరాకూ మధ్య ఎక్స్‌టెన్షన్ ట్యూబులు అనే బోలు గొట్టాలు బిగించుకోవచ్చు. ట్యూబు పొడవును లెన్సు ఫోకల్ లెంగ్త్‌తో (ఇక్కడ 50 మిల్లీమీటర్లు) భాగిస్తే అదనంగా లభించే పెంపు తెలుస్తుంది: 36 మిల్లీమీటర్ల ట్యూబుకు 0.72 రెట్లు. 70-200 వంటి జూమ్ లెన్సు ఉంటే రేనాక్స్ డీసీఆర్ 250 అనే చిన్న క్లోజప్ లెన్సును ముందు తగిలించుకోవడం అన్నిటికన్నా సులువు. దాని శక్తి ఎనిమిది డయాప్టర్లు, పురుగు ఎగిరే లోపల తీసి జేబులో వేసుకోవచ్చు. లెన్సును తిరగేసి బిగించే రివర్స్ రింగ్ చవకైనదే గాని, చాలా కొత్త లెన్సులలో అపర్చర్, అంటే వెలుతురు లోపలికి వచ్చే రంధ్రం, మన చేతిలో ఉండదు, లెన్సు వెనక అద్దం దుమ్ముకూ తడికీ ఎదురుగా ఉంటుంది. మన మట్టి గట్ల మీద కొత్తవారికి దానిని నేను సిఫారసు చేయను.

ఫోను మాత్రమే ఉన్నవారు వెనుదీయనవసరం లేదు. క్లిప్పుతో తగిలించే మాక్రో లెన్సుతో కొన్ని సెంటీమీటర్ల దూరం నుంచి చక్కని బొమ్మలు వస్తాయి. ఆర్జియోపి అంత దగ్గరకు రానిస్తుంది, తూనీగ రానివ్వదు. ఫోనుతో నేర్చుకొనేవారికి కూడా సాలీడే సరైన ప్రారంభం కావడానికి ఇది మరో కారణం.

మొదటి నెల: ఒకే సాలీడు

ఉదయం ఆరున్నర నుంచి ఎనిమిదిన్నర వరకు మంచి సమయం. పొద్దెక్కిన కొద్దీ సముద్రపు గాలి మొదలై గూడు ఊగుతుంది. గూటి దగ్గరకు వెళ్ళే ముందు అది ఏ ఏ కొమ్మలకు కట్టి ఉందో చూడండి. మీ భుజం గాని, సంచి పట్టీ గాని ఆ కొమ్మలలో ఒకదానికి తగిలిందంటే సాలీడు గూటిని ముందుకూ వెనక్కూ వేగంగా ఊపుతుంది, లేదా దారం వెంట కిందికి జారిపోతుంది. అలా జరిగితే వెనక్కు జరిగి పది నిమిషాలు ఊరుకోండి. సాధారణంగా తిరిగి నడిమికి వస్తుంది. నేల తడిగా ఉంటుంది కనుక ఒక గోనెసంచి మడతపెట్టి మోకాళ్ళ కింద వేసుకుంటే తొందర లేకుండా కూర్చోగలుగుతారు. ఈ పనిలో తొందర వల్ల చెడినన్ని బొమ్మలు మరి దేనివల్లనూ చెడవు.

మొదటి పాఠం ఫోకస్ తలం. 1:1 దగ్గర ఎఫ్ 11 అపర్చర్ పెట్టినా (ఎఫ్ అంకె పెరిగిన కొద్దీ రంధ్రం చిన్నదవుతుంది) స్పష్టంగా వచ్చే మందం సుమారు 1.3 మిల్లీమీటర్లే. రెండు రెట్ల పెంపుకు వెళితే అది అర మిల్లీమీటరుకు తగ్గిపోతుంది. అపర్చర్‌ను ఇంకా మూస్తూ పోదామంటే డిఫ్రాక్షన్, అంటే ఇరుకు రంధ్రంలో వెలుతురు చెదరడం, అడ్డుపడుతుంది: 1:1 దగ్గర ఎఫ్ 11 నిజానికి ఎఫ్ 22లా, ఎఫ్ 16 నిజానికి ఎఫ్ 32లా పనిచేస్తుంది కాబట్టి బొమ్మ మొత్తం మెత్తబడుతుంది. ఉన్న ఆ కొద్దిపాటి మందాన్ని ఎక్కడ ఖర్చు పెట్టాలో నిర్ణయించుకోవడమే మాక్రోలో సగం విద్య. ఆర్జియోపి దీనిని ఎంతో ఓర్పుగా నేర్పుతుంది, ఎందుకంటే గూడు ఒక బల్లపరుపు తలం, సాలీడు ఆ తలానికి అంటుకుని ఉంటుంది. కెమెరా వెనక భాగాన్ని గూటికి సరిగ్గా సమాంతరంగా నిలిపితే ఎనిమిది కాళ్ళూ, కుట్టు అల్లికా ఒకేసారి స్పష్టంగా వస్తాయి. కెమెరా పైఅంచు కొద్దిగా ముందుకు వంగినా కింది కాళ్ళు మసకబారతాయి. మొదటి వారమంతా ఈ ఒక్క బొమ్మనే తీయండి. పది బొమ్మలలో ఏడింటికి కాళ్ళన్నీ స్పష్టంగా వచ్చేదాకా వేరే కోణం జోలికి పోవద్దు.

ఫోకస్‌ను ఆటోకు వదిలేస్తే లెన్సు ముందుకూ వెనక్కూ వెతుకుతూ ఉంటుంది. మాన్యువల్‌లో పెట్టి, ముందుగా ఎంత పెంపు కావాలో నిర్ణయించి రింగును అక్కడ వదిలేసి, ఇక మీ శరీరాన్ని ముందుకు వెనక్కు కొద్దికొద్దిగా కదుపుతూ ఫోకస్ పట్టుకోవాలి. శ్వాస సగం వదిలి ఆపిన క్షణంలో చేయి బాగా నిలకడగా ఉంటుంది. పురుగు కొమ్మ మీద ఉన్నప్పుడు ఎడమచేతి వేళ్ళతో ఆ కొమ్మను మెల్లగా పట్టుకుని, అదే చేతి మణికట్టు మీద లెన్సును ఆనిస్తే, గాలికి కొమ్మా కెమెరా కలిసే కదులుతాయి. ఈ పట్టు అలవాటైతే మన మెత్తని నేలలో కాళ్ళు దిగబడే ట్రైపాడ్ కన్నా ఎక్కువ ఉపయోగపడుతుంది. గూటి సాలీడు విషయంలో మాత్రం ఇది పనికిరాదు. ఆధారపు కొమ్మను ముట్టుకోకూడదు.

రెండవ వారంలో గూటి పక్కకు వచ్చి తీయండి. ఇప్పుడు సాలీడు మందం కూడా లెక్కలోకి వస్తుంది, అంతా స్పష్టంగా రావడం అసాధ్యం. అప్పుడు కన్ను ఉన్న చోటే ఫోకస్ నిలపాలి. కడుపు మసకబారినా చూసేవారు క్షమిస్తారు, కన్ను మసకబారితే బొమ్మ వైపు రెండోసారి చూడరు. జాగ్రత్తగా చూస్తే ఆడ సాలీడు గూటి అంచున, దానిలో పావు వంతు కూడా లేని, గోధుమరంగు మగది ఒకటి తచ్చాడుతూ ఉండవచ్చు. రెండింటినీ ఒకే తలంలోకి తేగలిగిన రోజున మొదటి నెల పాఠం పూర్తయినట్టే.

వెలుతురు

పగటి వెలుతురుతోనే తీయాలని పట్టుబట్టేవారున్నారు. మబ్బు కమ్మిన శ్రావణ భాద్రపదాలలో కొబ్బరి తోట కింద ఎఫ్ 11 దగ్గర ఆ పట్టుదల చెల్లదు. ఫ్లాష్ కావాలి. కెమెరాను మాన్యువల్‌లో ఉంచి, షట్టర్‌ను సెకనులో 200వ వంతుకు, ఐఎస్ఓను, అంటే సెన్సర్ వెలుతురును పట్టే చురుకును, 200 నుంచి 400కు పెట్టి, ఫ్లాష్ శక్తిని ఎనిమిదో వంతుకో పదహారో వంతుకో తగ్గించండి. అంత తక్కువ శక్తిలో ఫ్లాష్ వెలిగి ఆరే కాలం సెకనులో కొన్ని వేల వంతులలో ఒక వంతు మాత్రమే కనుక చేతి వణుకూ, గూటి ఊపూ చాలావరకు బొమ్మలోకి రావు.

అయితే ఫ్లాష్‌ను నేరుగా వేస్తే సాలీడు వెండి వీపు మీదా, పెంకు పురుగు నున్నని రెక్క మీదా తెల్లని మచ్చలు పడి, రంగులు చచ్చిపోతాయి. దీనికి విరుగుడు డిఫ్యూజర్, అంటే ఫ్లాష్ వెలుతురును మెత్తబరిచే తెర. దానిని కొననక్కరలేదు: చిప్స్ వచ్చే గొట్టపు డబ్బాను ఏటవాలుగా కోసి, లోపలి వెండి పూతను అలాగే ఉంచి, కోసిన మూతికి ట్రేసింగ్ పేపరు రెండు పొరలు అంటిస్తే చాలు. ఇక్కడ గుర్తుంచుకోవలసిన సూత్రం ఒకటి ఉంది: వెలుతురు మెత్తదనం కాగితం మందాన్ని బట్టి కాక, పురుగు దృష్టిలో ఆ వెలిగే కాగితం ఎంత పెద్దదిగా కనిపిస్తుందన్న దానిని బట్టి ఉంటుంది. అందుచేత డిఫ్యూజర్‌ను లెన్సు అంచు దాకా ముందుకు తెచ్చి పురుగుకు పైన ఒక జానెడు లోపలే ఉండేట్టు వంచాలి. దూరంగా ఉన్న పెద్ద కాగితం కన్నా దగ్గరగా ఉన్న చిన్న కాగితమే మేలు.

ఫ్లాష్ వెలుతురు దూరంతో పాటు వేగంగా తగ్గిపోతుంది కనుక వెనక భాగం నల్లగా, పట్టపగలే రాత్రిలా వస్తుంది. గూటి సాలీడుకు ఆ నలుపు ఒక్కోసారి అందమే. అది వద్దనుకుంటే ఐఎస్ఓను 800 వరకు పెంచి ఆకాశపు వెలుతురును కొంత లోపలికి రానివ్వండి, లేదా పురుగుకు వెనక జానెడు దూరంలో ఒక అరటి ఆకు ముక్కను పట్టుకోండి. లేత అరటాకు పచ్చదనానికి సాటి వచ్చే నేపథ్యం నాకు ఇంతవరకు దొరకలేదు.

మనవైపు చూసే సాలీడు

ఇంటి గోడల మీద, కిటికీ చువ్వల మీద, అరటి ఆకుల మీద ఈగలను వేటాడే గెంతుడు సాలీడు రెండవ గురువు. దీనికి ఎనిమిది కళ్ళు. వాటిలో నడిమి రెండూ ముఖాన్ని నింపేసేంత పెద్దవి. గూడు కట్టి కాచుకోకుండా కంటి చూపుతోనే వేటాడుతుంది కాబట్టి మీ కదలికను మీరు దానిని చూసే ముందే అది చూస్తుంది. పై నుంచి వంగి తీస్తే వెంట్రుకల వీపు తప్ప మరేమీ రాదు. ఆకు అంచు స్థాయికి దిగి, ఎదురుగా, నెమ్మదిగా వెళ్ళండి. ఏమిటీ కొత్త వస్తువు అని అది తానే మీ లెన్సు వైపు తిరిగి తల ఎత్తి చూస్తుంది. ఆ చూపు రెండు మూడు క్షణాలు నిలుస్తుంది, తీయవలసింది అప్పుడే. ఆ పెద్ద కళ్ళలో మీ డిఫ్యూజర్ ప్రతిబింబం పడుతుంది. అది చీలికగా, చిరిగినట్టు ఉంటే బొమ్మలో వెంటనే తెలిసిపోతుంది, కనుక కాగితాన్ని ముడతలు లేకుండా అంటించడం అవసరం. కొన్నిసార్లు అది లెన్సు మీదికే గెంతుతుంది. కంగారుపడి విదిలించవద్దు, ఒక ఆకును దగ్గరగా పెడితే దాని మీదికి దిగిపోతుంది.

తెల్లవారుజామున తూనీగలు

తూనీగను పగలు వెంబడించడం వృథా. సాయంత్రం పొద్దు గూకేవేళ పంట కాలువ గట్టున, బోదె పక్కన ఎండు పుల్లల మీద, రెల్లు మీద, వరి వెన్నుల మీద అవి రాత్రికి ఎక్కడ వాలుతున్నాయో చూసి పెట్టుకోండి. మర్నాడు సూర్యోదయానికి అరగంట ముందు వెళితే అక్కడే ఉంటాయి. పురుగుల శరీరానికి సొంతంగా నిలకడైన వేడి ఉండదు. ఎండ తగిలి రెక్కల కండరాలు వేడెక్కేదాకా ఎగరలేవు. మార్గశిర పుష్య మాసాలలో కోనసీమ మంచు కురిసి, రెక్కల మీద, కళ్ళ మీద నీటి పూసలు కట్టి ఉంటాయి. పిచికారీతో నీళ్ళు చల్లి నకిలీ మంచు చేయవలసిన అవసరం మనకు లేదు, చేయకూడదు కూడా.

పురుగు కదలని ఆ అరగంటలో ఫోకస్ స్టాకింగ్ సాధ్యమవుతుంది. ఒకే చట్రాన్ని కదపకుండా, కళ్ళ నుంచి తోక దాకా ఫోకస్‌ను కొద్దికొద్దిగా జరుపుతూ పది నుంచి ఇరవై బొమ్మలు తీసి, ఇంటికి వచ్చాక హెలికాన్ ఫోకస్, జెరీన్ స్టాకర్ వంటి సాఫ్ట్‌వేర్‌తో వాటి స్పష్టమైన భాగాలను ఒకటిగా కూర్చుకోవాలి. గాలి ఏమాత్రం ఉన్నా ఇది కుదరదు. గొడుగు చువ్వను నేలలో గుచ్చి, బట్టలారేసే క్లిప్పును దానికి కట్టి, పుల్లను పురుగుకు దూరంగా ఆ క్లిప్పుతో పట్టిస్తే ఊపు తగ్గుతుంది. కొందరు పురుగులను ఫ్రిజ్‌లో పెట్టి, జిగురుతో అంటించి, కదలకుండా చేసి తీస్తారు. అది హింస, పైగా అబద్ధం. ప్రాణమున్న పురుగు కాలు నిలిపే తీరు వేరు; కొన్నాళ్ళు గట్ల మీద తిరిగినవారికి ఆ తేడా తెలిసిపోతుంది.

రాత్రి వరిచేను

సార్వా వరి పొట్ట దశకు వచ్చినప్పటి నుంచి కోత దాకా చేలలో సాలీళ్ళు పుష్కలంగా ఉంటాయి. తలకు టార్చి కట్టుకుని గట్టు మీద నిలబడి నేలవైపు చూస్తే, దుబ్బుల మొదళ్ళలో చిన్న చిన్న మెరుపులు కనిపిస్తాయి. అవి మంచు బిందువులు కావు, తోడేలు సాలీళ్ళ కళ్ళు. ఆ కళ్ళలో వెలుతురును వెనక్కు పంపే పొర ఉంటుంది, మీ కంటికి దగ్గరగా టార్చి ఉన్నప్పుడే ఆ మెరుపు తెలుస్తుంది. తల్లి సాలీడు గుడ్ల సంచిని వెనక తగిలించుకుని, పిల్లలు పుట్టాక వాటిని వీపు మీద మోస్తూ తిరుగుతుంది. ఆ వీపును 1:1 దగ్గర చూసినవారు దానిని మరచిపోలేరు. రైతులు సుడిదోమ అని పిలిచే పురుగును ఈ సాలీళ్ళు తింటాయి. విచక్షణ లేకుండా మందు కొట్టిన చేలో దోమ కన్నా ముందు సాలీళ్ళే పోతాయి, తరువాత దోమ మళ్ళీ విజృంభిస్తుంది. మీరు తీసిన బొమ్మను ఆ చేని రైతుకు తప్పక చూపించండి. "ఇదాండీ మా చేలో తిరిగేది!" అని ఒక పెద్దాయన నా కెమెరా తెర మీదికి వంగి చాలాసేపు చూశారు.

చేలోకి దిగే ముందు రైతు అనుమతి అడగడం మర్యాద మాత్రమే కాదు, మందు ఎప్పుడు కొట్టారో తెలుసుకోవడానికి కూడా అవసరం. ఇటీవల కొట్టి ఉంటే దిగవద్దు. గట్ల మీద రక్తపింజరి, కట్లపాము, నాగుపాము తిరుగుతాయి. మోకాలి దాకా వచ్చే బూట్లు లేకుండా, తోడు లేకుండా రాత్రి వెళ్ళవద్దు. వ్యూఫైండర్‌లో కన్ను పెట్టినప్పుడు చుట్టుపక్కల ఏముందో తెలియదు కనుక మోకాలు మోపే ముందు ప్రతిసారీ నేలను టార్చితో చూసుకోవాలి. ఈ ఒక్క అలవాటులో ఎవరికీ మినహాయింపు లేదు.

తేమ

మన ప్రాంతంలో కెమెరాకు అసలు శత్రువు తేమ. నేను ఒక వర్షాకాలమంతా లెన్సును తోలు సంచిలో పెట్టి బీరువాలో ఉంచాను. తీసి చూసేసరికి లోపలి అద్దం మీద సాలెగూడు లాంటి బూజు పట్టి ఉంది. మూత బిగుతుగా పట్టే ప్లాస్టిక్ డబ్బాలో తేమను పీల్చే సిలికా జెల్ గింజలు వేసి, తేమ 40 నుంచి 50 శాతం మధ్య ఉండేట్టు చూసుకుంటే చాలు. గింజల రంగు మారగానే వేడిచేసి ఆరబెట్టి తిరిగి వాడుకోవచ్చు. ఏసీ గదిలో నుంచి నేరుగా బయటికి వస్తే లెన్సు మీద ఆవిరి కమ్ముతుంది. కెమెరాను సంచిలోనే ఉంచి, బయటి వేడికి అలవాటు పడేదాకా అరగంట ఆగి తెరవాలి.

పేరు తెలుసుకోవడం, చివరి పాఠం

ప్రతి జీవినీ పై నుంచి, పక్క నుంచి, ఎదురుగా మూడు కోణాలలో తీసి, తేదీ, ఊరు, మొక్క పేరు రాసి పెట్టుకోండి. ఐనాచురలిస్ట్ వెబ్‌సైట్‌లో గాని, ఇండియా బయోడైవర్సిటీ పోర్టల్‌లో గాని పెడితే తెలిసినవారు పేరు చెబుతారు. మొక్క పేరు చాలాసార్లు పురుగు పేరుకు దారి చూపుతుంది: గన్నేరు ఆకు కింద వెండిలా మెరిసే ప్యూపా ఉంటే అది కామన్ క్రో సీతాకోకచిలుకది, జిల్లేడు మీద నలుపు తెలుపు పసుపు పట్టెల గొంగళి పురుగు ఉంటే అది ప్లెయిన్ టైగర్‌ది. ఆరుద్ర కార్తెలో తొలకరికి ఇసుక నేలల మీద కనిపించే ఎర్రని మఖమల్ ఆరుద్ర పురుగును తీసినప్పుడు ఎక్స్‌పోజర్‌ను ఒక స్టాప్, అంటే వెలుతురును సగానికి, తగ్గించండి, లేకపోతే ఆ ఎరుపు పిండి ముద్దలా అయిపోయి వెంట్రుకలు కనబడవు. కాళ్ళు లెక్కపెడితే ఎనిమిది ఉంటాయి. అది కీటకం కాదు, సాలీడు బంధువు.

కాళ్ళు లెక్కపెట్టడం అలవాటైన తరువాత మామిడి చెట్టు దగ్గరకు వెళ్ళండి. ఆకులను కలిపి కుట్టి గూళ్ళు కట్టే ఎర్ర చీమల బారును కదలకుండా, చేతులు కొమ్మకు ఆనించకుండా చూస్తూ ఉంటే, కొన్నాళ్ళకు బారుకు కొంచెం ఎడంగా ఒంటరిగా నడిచే చీమ ఒకటి కనిపిస్తుంది. దాని ముందరి రెండు మీసాలు నిజానికి ఎత్తిపట్టిన కాళ్ళు. మిర్మాప్లాటా అనే ప్రజాతికి చెందిన ఆ గెంతుడు సాలీడు ఎర్ర చీమలా మారువేషం వేసుకుంది. మగది అయితే పొడవాటి దవడలతో, మరో చీమను నోట కరచుకు వెళుతున్న చీమలా ఉంటుంది. చీమను కదిలిస్తే మీ మీదికి వస్తుంది, ఇది మాత్రం ఆకు చాటుకు తప్పుకుంటుంది, లేదా దారం పట్టుకుని కిందికి దిగుతుంది. దిగినప్పుడు వెంటపడకుండా, ఆ దారం పైకొసన ఉన్న ఆకు అంచు మీద ముందుగా ఫోకస్ పెట్టుకుని ఆగండి. అది తిరిగి ఎక్కి వచ్చేది తరచుగా అక్కడికే. ఎక్కి వచ్చిన క్షణంలో ముఖం మీవైపు ఉంటుంది, నడిమి రెండు పెద్ద కళ్ళూ అది చీమ కాదని చెబుతాయి.